బంతియాటలో ధర్మసూక్ష్మము

ఆటలయందు ధర్మాధర్మ విచారము చేయుట పనిలేనివారి పని యని కొందఱు పెద్దలు తలంతురు. వారి యభిప్రాయమున ఆట యనగా పొద్దుపుచ్చుకొను సాధనము, నేడు గెలిచినవాడు నవ్వును, ఓడినవాడు రేపు గెలుచును, అంతటితో సరి. మేమట్లు తలంపజాలము. ధర్మశాస్త్రము చదివినవారు నేడు వేయింటికొక్కరైన నుందురో లేదో కాని, బంతియు బ్యాటును ఎఱుగని బాలుడు మాత్రము మన దేశమున నరుదు. న్యాయమనగా నేమి, మోసమనగా నేమి, మధ్యస్థుని తీర్పునకు తలయొగ్గుట యెట్టిది యను పాఠములను మన పిల్లలు మొట్టమొదట నేర్చుకొనుచున్నది మా తరగతిగదులలో గాదు, ఊరిబయటి మైదానములలో. కావున క్రికెట్టునందు తగవులకు మూలమైన ‘ఔటు’లను గూర్చి కొంత విచారించుట వ్యర్థము కానేరదు.

ఈ యాటకు వ్రాతరూపమున నున్న చట్టము చాల పాతది. 1744లోనే ఇంగ్లండునందు నియమములు వ్రాసికొనిరి. 1788లో లండనునందలి మేరిలిబోన్ క్రికెట్ క్లబ్బువారు తమ నియమావళిని ప్రకటించిరి. నేటికిని ఆ చట్టమునకు వారే కర్తలు. వారంతటితో తృప్తినొందక 2000వ సంవత్సరమున చట్టమునకు ముందొక పీఠికను జేర్చి, ఆటను చట్టము ననుసరించి మాత్రమే గాక దాని ‘స్ఫూర్తి’ ననుసరించియు ఆడవలెనని చెప్పిరి. చట్టము శరీరము, స్ఫూర్తి ప్రాణము అన్నమాట. వినుటకు ఇంపుగనే యున్నది. కాని చట్టమును పుస్తకము తెఱచి చూపవచ్చును. స్ఫూర్తిని చూపుమన్న నెవరు చూపగలరు? చిక్కంతయు నిచ్చటనే యున్నది.

మనవాడైన వినూ మన్కడ్ కథను దీనికి ముందుగా చెప్పుకొనవలెను. 1947 డిసెంబరు 13వ తేదీన సిడ్నీ టెస్టులో నతడు బంతి విసరబోవుచుండగా, ఆ చివరనే నిలిచియున్న ఆస్ట్రేలియా యాటగాడు బిల్ బ్రౌన్ బంతి చేయి విడువకమునుపే గీత దాటి ముందునకు సాగెను. మన్కడ్ విసరుట మాని వికెట్టును పడగొట్టెను. చట్టప్రకారము బ్రౌన్ ఔటు. అంతకు కొలదివారముల క్రిందట మఱియొక పందెములో నిదే బ్రౌన్ ఇట్లే గీత దాటగా మన్కడ్ మొదట హెచ్చరించెను. ఆ పిమ్మటను అతడు దాటగా ఔటు చేసెను. అనగా సిడ్నీ టెస్టునాటికి బ్రౌన్ తెలియనివాడు కాడు. ఆస్ట్రేలియా నాయకుడైన డాన్ బ్రాడ్‌మన్ తన గ్రంథమున మన్కడ్ పక్షమునే వహించి, ఆ పనిలో తప్పులేదని స్పష్టముగా వ్రాసెను. ఐనను లోకము ఆ విధమైన ఔటునకు పేరు పెట్టునపుడు గీత దాటినవాని పేరు పెట్టలేదు, దాటినవానిని పట్టుకొన్నవాని పేరు పెట్టినది. ‘మన్కడింగ్’ అను మాట డెబ్బదియేండ్లకు పైగా నొక తిట్టువలె వాడుకలో నున్నది. దొంగను పట్టినవానికే దొంగ బిరుదము కట్టిన వింత యిది.

ఆ వింత మన కాలమువఱకును సాగివచ్చినది. 2022 సెప్టెంబరు 24వ తేదీన లార్డ్స్ మైదానమున ఇంగ్లండు స్త్రీల జట్టునకు నింక 17 పరుగులు కావలసియుండ, ఒక్క వికెట్టు మిగిలియుండ, మన దీప్తి శర్మ బంతి విసరబోవుచు, గీత దాటియున్న చార్లీ డీన్‌ను ఔటు చేసెను. మేము ముందే హెచ్చరించితిమని దీప్తి చెప్పెను. హెచ్చరిక యేదియు లేదని ఇంగ్లండు నాయిక హెదర్ నైట్ ఖండించెను. విచిత్రమేమనగా, ఆ వారము దాటగనే అక్టోబరు 1వ తేదీనుండి మేరిలిబోన్ క్లబ్బువారే ఈ విధమైన ఔటును ‘అన్యాయపుటాట’ యను ప్రకరణమునుండి తీసివైచి, సామాన్యమైన ‘రనౌటు’ ప్రకరణములో జేర్చిరి. డెబ్బదియైదేండ్లు మన్కడ్ నెత్తిన నున్న మచ్చను ఒక ప్రకరణసంఖ్య మార్చి తుడిచివైచిరి. స్ఫూర్తి యనునది యెంత గాలివాటు వస్తువో చదువరులే గ్రహింతురుగాక.

సంస్కృతము చదువుకొన్నవారమగుటచే మాకీ సందర్భమున భారతయుద్ధము తలపునకు రాకమానదు. భీష్మపర్వారంభమున నుభయపక్షములవారును గూడి యుద్ధనియమములు చేసికొనిరి. వానిలో నొకటి మాకు మిక్కిలి ముఖ్యముగా దోచుచున్నది: పిలిచి హెచ్చరించి కొట్టవలెను గాని, నమ్మి యేమఱియున్నవానిని కొట్టరాదు. ఆ నియమములలో నొక్కటియు చివఱకు నిలువలేదన్నది వేఱు సంగతి. ద్రోణపర్వములో భూరిశ్రవుడు సాత్యకిని పడవైచి కత్తి యెత్తియుండగా, దూరమునుండి అర్జునుడు బాణమువైచి వాని చేయి నఱికెను. ‘నాతో పోరాడనివాడవు, నన్ను పిలువనివాడవు, నా చేయి నఱుకుట యే ధర్మము?’ అని భూరిశ్రవుడు మొఱపెట్టెను. ఆ మొఱ న్యాయమైనదే. కాని దానిని వినుటకు ముందు, ఆ సమయమున వాని పాద మెవని ఱొమ్ముపై నున్నదో కూడ చూడవలెను. అలసి, ఆయుధము కోల్పోయి, నేలబడినవాని పైననే కదా!

క్రికెట్టు వివాదములకు నీ కొలబద్దయే తగినదని మా యభిప్రాయము. ఔటైనవాడు మొఱపెట్టునపుడు, వాడు నమ్మి యేమఱియున్నవాడా, లేక తాను గూడ రహస్యముగా నొక లాభము నాశించుచున్నవాడా యని యడుగవలెను. పరుగునకు ముందే గీత దాటి రెండడుగులు సాగినవాడు నమ్మినవాడు కాడు. ఇరువదిరెండు గజముల దూరమున రెండడుగులు దొంగిలించువాడు. వానిని పట్టుకొనుటలో దోషము మా కగపడదు. స్ఫూర్తికి భంగము చేసినవాడు వాడే.

ఇక 2023 జూలై 2వ తేదీన, మరల లార్డ్స్‌లోనే, జరిగిన సంగతి వేఱు జాతిది. ఇంగ్లండు ఆటగాడు జానీ బెయిర్‌స్టో తలపైకి వచ్చిన బంతినుండి వంగి తప్పించుకొని, అది యంతటితో ముగిసినదని తలచి, గీత విడిచి ముందునకు నడచెను. ఆస్ట్రేలియా వికెట్‌కీపరు అలెక్స్ కేరీ బంతిని గుంజలకు విసరెను. ఔటు. చట్టమున నెట్టి లోపమును లేదు. బంతి యింకను ఆటలోనే యున్నదని అంపైర్లు నిర్ణయించిరి. బెయిర్‌స్టో పరుగు నాశింపలేదు, లాభమును గోరలేదు, కేవల మేమఱెను. అందుచే నీ ఔటు మన్కడ్ ఔటు వంటిది కాదు. కేరీ మోసగాడని మేమనము. ఏమఱుట కూడ ఆటలో నొక తప్పే. తప్పునకు దండనము గలదు. కాని మా పిల్లలకు ఈ విద్య నేర్పుమన్న మేము నేర్పము. ఆనాడు లార్డ్స్ భవనములోని క్లబ్బు సభ్యులు కొందఱు ఆస్ట్రేలియావారిని దూషింపగా, తరువాత ముగ్గురిని క్లబ్బువారే సభ్యత్వమునుండి తాత్కాలికముగా తొలగింపవలసివచ్చినది. స్ఫూర్తిని కాపాడువారి స్ఫూర్తి యట్టిది!

దీనికి సరిజోడైన సంగతి 2011లో నాటింగ్‌హాములో జరిగినది. ఇయన్ బెల్, బంతి సరిహద్దు దాటినదని నమ్మి, తేనీటి విరామము వచ్చినదని నడచిపోవుచుండగా మనవారు వికెట్టు పడగొట్టిరి. విరామములో మహేంద్రసింగ్ ధోనీ తన విన్నపమును మరల తీసికొని, బెల్‌ను మరల నాడనిచ్చెను. మనవా రా పందెమున ఘోరముగా నోడిపోయిరి. 1980లో బొంబాయి టెస్టులో గుండప్ప విశ్వనాథ్ చేసినది యింకను గొప్పపని. అంపైరు ఔటని వ్రేలెత్తిన పిమ్మట, బంతి బ్యాటునకు తగులలేదని యెఱిగి, బాబ్ టేలర్‌ను వెనుకకు పిలిచెను. ఆ టేలర్ బోథంతో గూడి పరుగుల ప్రోగుచేసి మన యోటమికి కారకుడాయెను. ఓడినందులకు విశ్వనాథుని తప్పుబట్టినవా రానాడు కొంద ఱుండవచ్చును. నేడు మాత్ర మా పందెములో నెవరు గెలిచిరో చాలమందికి జ్ఞాపకము లేదు, ఆ పిలుపు జ్ఞాపకమున్నది.

2023 నవంబరు 6వ తేదీన ఢిల్లీలో ఏంజెలో మాథ్యూస్ శిరస్త్రాణపు పట్టీ తెగిపోగా, రెండు నిమిషముల గడువు దాటినదని బంగ్లాదేశ్ నాయకుడు షకీబ్ విన్నవించి ఒక్క బంతియైన నాడకుండగనే వాని నింటికి పంపెను. దీనిగూర్చి ఎక్కువ వ్రాయ నవసరము లేదు. గడువు మంచిదే, కాని తెగిన పట్టీవలన మాథ్యూస్ దొంగిలించిన లాభ మేమి?

ఇంతవఱకు చెప్పినవన్నియు వికెట్టు పుస్తకమున వివాదమై నిలిచినవి. కాని అన్నిటికంటె నీచమైన ఔటు ఒకటి జరుగవలసియుండి జరుగలేదు. జరిగియున్నచో దాని నే చట్టమును, ఏ యంపైరును, ఏ యంత్రమును కనిపెట్టజాలకుండెడివారు. దాని కథ మా కొండలకు దిగువనున్న విజయనగర రాజవంశమునకు సంబంధించినది. అనంతగిరి కనుమ దిగి శృంగవరపుకోట దాటినచో వచ్చు ఆ విజయనగరపు మహారాజకుమారుడు, లోకము ‘విజ్జీ’ యని పిలిచిన విజయానంద గజపతిరాజు, 1936లో ఇంగ్లండునకు వెడలిన భారతజట్టునకు నాయకుడు. ఆటచే గాక పలుకుబడిచే నాయకుడైనాడని నాడే యనుకొనిరి. జట్టులో విజయ మర్చంటుపై నాయకునకు మనసు మంచిది కాదు. మాంచెస్టరు టెస్టులో మర్చంటుతో గలసి యాట మొదలిడబోవుచున్న ముస్తాక్ అలీని బిలిచి, మర్చంటును రనౌటు చేయించుమని నాయకుడు చెప్పెనని కథ. ముస్తాక్ ఆ మాటను మర్చంటునకే చెప్పివైచెను. ఇరువురును నవ్వుకొని, కలసి 203 పరుగులు చేసిరి. ముస్తాక్ 112, మర్చంటు 114.

ఈ కథలో మమ్ము నాశ్చర్యపఱచున దొక్కటి కలదు. ముస్తాక్ నాయకుని యాజ్ఞను పాటించియున్నచో, లెక్కపుస్తకములో ‘మర్చంటు, రనౌటు’ అని మాత్రమే వ్రాయబడియుండును. చట్టభంగము లేదు. స్ఫూర్తిభంగ మని యఱచుట కెదుటిజట్టునకు కారణమును లేదు. తన జోడీని నమ్మి పరుగెత్తినవానిని నట్టనడుమ విడిచివేయుట ఒక్కటే జరిగియుండును. నమ్మినవానిని వంచించుట యేదో యదియే యధర్మము. చట్టము దానిని చూచినను చూడకున్నను ఒక్కటే.

యంత్రములు వచ్చినపిదప నీ తగవులు తీఱునని కొందఱాశించిరి. తీఱలేదు. 2024 ఫిబ్రవరి 5వ తేదీన విశాఖపట్టణపు మధురవాడ మైదానమున, మా తూర్పుకనుమల చివరికొండలు కనబడు చోటనే, ఇంగ్లండు ఆటగాడు జాక్ క్రాలీ 73 పరుగులమీద నుండగా కుల్దీప్ యాదవ్ బంతి వాని కాలికి తగిలెను. అంపైరు ఔటు కాదనెను. మనవారు యంత్రము నాశ్రయింపగా అది ఔటని తేల్చెను. యంత్రమే పొరబడినదని ఇంగ్లండు నాయకుడు బెన్ స్టోక్స్ తరువాత బహిరంగముగా ననెను. బంతి యెచ్చటికి పోవునో యంత్రము చెప్పునది ఊహయే. అది మనుష్యుని యూహకంటె మెఱుగైన దనుటలో మాకు సందేహము లేదు. కాని యిట్టి తగవులో ధర్మసందేహ మేమియు లేదు. ఎవడును ఎవనిని వంచింపలేదు. ఇవి వట్టి కొలతల తగవులు. వీనిని కొలతగాండ్రకే విడుచుట మేలు.

మేమింత దూరము ఈ విషయమును తఱచుటకు కారణము మా యుద్యోగము. మేము పాఠము చెప్పుచున్నది అరకులోయ కొండల నడుమ గిరిజన బాలుర పాఠశాలలో. కోత ముగిసిన మడులే ఇచ్చట మైదానములు. చెక్కను చెక్కి చేసిన బ్యాటు, రబ్బరు బంతి, మూడు కఱ్ఱలు. ఒక గెంతు గెంతిన బంతిని పట్టినను ఔటే, గట్టు దాటి లోయలో పడినచో కొట్టినవాడే పోయి తేవలెను. ఇట్టి నియమములు మేరిలిబోన్‌వారి పుస్తకమున లేవు. ఐనను వీనిని గూర్చి తగవు వచ్చుట మేము చూడలేదు. ఏలయన నవి ఆడువారందఱు కూర్చుండి చేసికొన్నవి.

తగవు వచ్చినది రెండు పాఠశాలల నడుమ జరిగిన యొక పందెములో. రోడ్డుప్రక్కనున్న పాఠశాల పిల్లలు ఫోనులలో పెద్దపెద్ద పందెములు చూచినవారు. మఱియొక జట్టు లోపలి యూళ్లనుండి నడచి వచ్చినది. ఆ జట్టులోని యొక చిన్నవాడు, బంతి విసరకమునుపే అలవాటుచొప్పున గీత దాటగా, విసరువాడు కఱ్ఱలను పడగొట్టి యఱచెను. అంపైరుగా నున్న యువోపాధ్యాయుడు ఔటనెను. చట్టప్రకారము అతడు చెప్పినదే సరి. చిన్నవాడు కదలలేదు. “ఈ రూలు మాకెప్పుడు చెప్పారు మాస్టారూ?” అని యడిగెను. గట్టుమీద చూచుచు కూర్చున్న ముసలివా డొకడు నవ్వి, “మా తాతకి కూడా కాయితం ఎవులూ సదివి సెప్పనేదు బాబూ!” అనెను. చుట్టునున్న పెద్దలందఱును నవ్విరి. ఆ నవ్వు మాకు మంచి నవ్వుగా దోచలేదు.

ముసలివాని మాటకు వెనుక నూటయేబది యేండ్ల చరిత్ర యున్నది. 1882లో మద్రాసు అటవీచట్టము వచ్చినది. తాతముత్తాతలనాటి నుండి కొండవాలున పోడు కొట్టుకొని సామలు, చోళ్లు విత్తుకొన్నవాడు ఒక తెల్లవాఱుజామున నేరస్థుడాయెను. గీత యెచ్చట గీచిరో వానికి తెలియదు. సంతలో ఉప్పునకును బట్టకును చేసిన బాకీకి వేలిముద్ర వేసినవాడు, ఆ కాగితములో తన భూమి యున్నదని యెఱుగడు. షాహుకారు మోసము చేసినాడా? న్యాయస్థానమున నడిగిన లేదనియే చెప్పవలెను. కాగితమున్నది, ముద్రయున్నది, సాక్షులున్నారు. అంతయు చట్టములోని యాటయే. ఇట్టి ఔటులతో కొండ దిగువ భూములెన్నో చేతులు మాఱినవి. తుదకు ప్రభుత్వమునకే సిగ్గువేసి, 1917లో ఏజెన్సీ భూముల బదిలీని నిరోధించు చట్టము చేసినది. పిమ్మట 1959లో నొకటియు, 1970లో మా ప్రాంతమున పసిపిల్లలకును తెలిసిన ‘ఒకటిబై డెబ్బది’యు వచ్చినవి. వీని సారమేమనగా, ఈ ప్రాంతమున గిరిజనుడు గానివానికి భూమి వ్రాసియిచ్చినను ఆ వ్రాత చెల్లదు. తెలియక గీత దాటినవానిని ఔటు చేయరాదని చట్టమే యొప్పుకొన్నదన్నమాట.

కావున మా పిల్లలకు ‘చట్టమున నున్నది గనుక సరి’ యని మేము చెప్పజాలము. వారి తాతల కదే చెప్పిరి. ‘స్ఫూర్తి ననుసరింపుడు’ అనియు చెప్పజాలము. ఆ స్ఫూర్తి యెవరి యింట పుట్టినదో, అది యెవరికి పట్టినపుడు మాఱునో పైన చూచితిమి. బ్రౌన్‌కును మా చిన్నవానికిని భేదమొక్కటే. బ్రౌన్‌కు తెలియును, వీనికి తెలియదు. పని యొక్కటే, అడుగు లవియే, పడిన కఱ్ఱ లవియే. ఆ భేదమును చట్టమెట్లు పట్టుకొనగలదు?

పట్టుకొనగలదని చూపినవారు కన్నులు లేనివారు. అంధుల క్రికెట్టును చదువరులలో కొందఱు చూచియుండరు. బంతిలో గుండ్లుండి గలగలమనును. దానిని చేయి పైకెత్తక, నేలబారున దొర్లునట్లు విసరుదురు. పూర్తిగా చూపులేనివాడు చేసిన ప్రతి పరుగును రెండుగా లెక్కింతురు. వాడు ఒక గెంతు గెంతిన బంతిని పట్టినను ఎదుటివాడు ఔటే. ఇవన్నియు మంచివే. కాని మమ్ము కట్టివైచిన నియమ మిది: బంతి విసరువాడు ముందు ‘సిద్ధమా?’ అని యడుగవలెను. ఆడువాడు సిద్ధమే యని పలుకవలెను. అపుడు ‘ఆడుము’ అని కేకవేసి విసరవలెను. అడుగక విసరిన బంతి చెల్లదు. పిలిచి హెచ్చరించి కొట్టవలెనని భీష్మపర్వమున చేసికొని నిలుపుకొనలేకపోయిన నియమము, ఇచ్చట ప్రతి బంతికిని నెఱవేఱుచున్నది. దయవలన గాదు, స్ఫూర్తివలన గాదు. అది చట్టములోనే యున్నది.

2025 నవంబరు 23వ తేదీన కొలంబో నగరమున అంధస్త్రీల మొదటి ప్రపంచ కప్పు తుదిపందెములో మన జట్టు నేపాళమును ఏడు వికెట్లతో నోడించినది. ఆ జట్టులో పాంగి కరుణకుమారి యను బాలిక యున్నది. ఆమె మా కొండలదే. పాడేరు ప్రాంతపు వంట్లమామిడి. విశాఖపట్టణమునందలి అంధబాలికల పాఠశాలలో చదువుకొన్నది. ఆమె వార్త పత్రికలలో పడిననాడు మా పిల్లలు బొమ్మ కత్తిరించి గోడకంటించిరి. అట్లు కంటించినపిదప ఆ యాటయొక్క నియమములు చెప్పుమని మమ్మడిగిరి. చెప్పితిమి. దయతలచి మెచ్చుకొనవలసిన యాట యిది యని మేము చెప్పలేదు. మన యాటకంటె నీ యొక్క విషయమున ముందున్న దని చెప్పితిమి.

అటుపిమ్మట మా మైదానమున నొక పద్ధతి వచ్చినది. మేము పెట్టలేదు, వారే పెట్టుకొనిరి. కొత్త జట్టు వచ్చినపుడు పందెమునకు ముందు ఇరుపక్షముల పిల్లలును మడిగట్టున కూర్చుండి, ఏది యౌటు, ఏది కాదు అని యొక్కొక్కటిగా బిగ్గఱగా చెప్పుకొందురు. గీత దాటుట కూడ నందులో చేరినది. మొదటిసారి దాటినవానికి కేక, రెండవసారి దాటినవానికి ఔటు. ఇందుచే పొద్దు వృథాయగుచున్నదని పెద్దబాలురు కొందఱు గొణుగుదురు. కొందఱింకను ముందునకు బోయి బంతికి బంతికి ‘సిద్ధమా?’ అని యడుగుచున్నారు. ఎదుట బ్యాటు పట్టినవాడు ‘ఊ’ యన్నచో చాలునా, ఇవతల గీతవద్ద నిలిచినవాడు కూడ ‘ఊ’ యనవలెనా యని మొన్నటి ఆదివారము మొదలైన చర్చ యింకను తెగలేదు.